పెట్టెల మేస్త్రి ఇంటి ఆమేన్

జానల మేస్త్రి వీధిలో ఎదురుపడితే జనం కాస్త వంగి నడిచేవారు. గౌరవం కాదు, ఆయన కొలత తప్పుతుందేమోనన్న ఆశ. ఆయన శవపేటికలు చేసే వడ్రంగి. మనిషిని తల నుంచి కాళ్ళ దాకా ఒక్కసారి చూశాడంటే కొలత తీసేసినట్టే. చచ్చినవాడి తాలూకు వాళ్ళు తృప్తి పడాలని టేపు పట్టుకునేవాడు కానీ అసలు పని కుడిచేతి వేళ్ళది. చెయ్యి తొడ పక్కన ఊరికే వేలాడుతున్నట్టే ఉండేది. బొటనవేలూ చిటికెనవేలూ మాత్రం బార్లా తెరుచుకుని, మళ్ళీ ముడుచుకుని, గొంగళిపురుగు నడిచినట్టు జానా జానా గాలిలో నడిచేవి. నడక ఆగిందంటే పెట్టె పొడవు తేలిపోయినట్టు.

రొట్టెల కొట్టు యజమాని ఒకసారి ఆయన కొట్టు ముందు తుమ్మాడట. లోపల చిత్రిక పడుతున్న మేస్త్రి తల ఎత్తకుండానే "భుజాల దగ్గర వెడల్పు పెంచాలి" అన్నాడట. ఆ మాట చెవిన పడిన యజమాని ఇంటికి పరుగెత్తి, ఆ పూట నుంచి తన రొట్టె తానే మానేసి, సగానికి సగం తగ్గి, వయసు మళ్ళినా గుండ్రాయిలా తిరుగుతున్నాడని చెప్పుకునేవారు. పొడుగాటి పోస్టుమాన్ అయితే ఆ వీధి వచ్చేసరికి సైకిలు హ్యాండిల్ మీద బోర్లా పడుకుని తొక్కేవాడు. ఉత్తరాలు ఎన్ని జారిపోయినా వెనక్కి తిరిగి చూసేవాడు కాదు.

పెట్టె పైపని మేస్త్రిది, లోపలి పని ఆయన భార్యది. తెల్లగుడ్డ కుచ్చులు పెట్టి అంచుల వెంట చిన్న మేకులు కొట్టేది. చిత్రిక పొట్టు ఏరి, దులిపి, తలగడలో కూరేది. ఆఖరున అరచేత్తో పెట్టె లోపలంతా ఒకసారి తడిమి, చెక్క పేడు ఎక్కడైనా గుచ్చుకుంటే మళ్ళీ చిత్రిక పట్టించేది. చచ్చినవాడికి పేడు గుచ్చుకుంటుందా అని మేస్త్రి విసుక్కుంటే, నువ్వు పడుకుని చూడు అనేది. ఒకసారి నిజంగానే పడుకున్నాడు. మూత వేసి, ఆ మూత మీదే కూర్చుని, మధ్యాహ్నం భోజనం ముగించింది.

పొద్దు గూకే వేళ కొట్టు తలుపు దగ్గరికి వేసి, పని బల్లకు చెరోవైపు కూర్చుని ఇద్దరూ ప్రార్థన చేసుకునేవారు. ప్రార్థన ఆయనది, ఆమేన్ ఆవిడది. మూత లేని పెట్టె ఎలాంటిదో ఆమేన్ లేని ప్రార్థన అలాంటిదని వాళ్ళ వృత్తి లెక్క. అయితే ఆవిడ ఆమేన్ అంత చవక కాదు. పెళ్ళైన కొత్తలో మేస్త్రి "ప్రభువా, ఈ వారం మాకు పని దయచెయ్యి" అని ముగించి కూర్చున్నాడు. అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు. ఒక కన్ను తెరిచాడు.

"ఎవరు చావాలయ్యా?" అంది ఆవిడ. "పేరు పెట్టి అడుగు, దేవుడికి సులువవుతుంది."

మేస్త్రి తెరిచిన కన్ను మళ్ళీ మూసుకున్నాడు.

"ఆ మాట తీసెయ్యి."

తీసేశాడు. పని లేని రోజున ఓపిక ఇమ్మని అడిగాడు. అప్పుడు పలికింది. పక్కవీధిలో అన్నీ ఒకే సైజు పెట్టెలు అమ్మే వ్యాపారిని ఆశీర్వదించమన్న రోజు కూడా అంతే. అబద్ధం, తీసెయ్యమంది. అతని దుకాణం కాలిపోకుండా చూడమని అడిగి, అంతవరకు మనస్ఫూర్తిగా అనగలనన్నాడు. ఆమేన్ వచ్చింది. అలా ఏళ్ళ తరబడి చిత్రిక పట్టగా పట్టగా మేస్త్రి ప్రార్థన పొట్టిదైపోయింది. పేళ్ళు మాత్రం లేవు.

ఆ ఆమేన్ చెప్పే ఆవిడకి కడుపులో గడ్డ లేచింది. ఆసుపత్రిలో కోశారు, చూశారు, చూసినంత త్వరగా మళ్ళీ కుట్టేసి ఇంటికి పంపించారు. ఇంటికొచ్చాక పొట్ట మీది కుట్టు చూసుకుని ఆవిడ పెదవి విరిచింది. నా పెట్టెలో ఇలాంటి కుట్టు వేస్తే శవం లేచి తిట్టిపోసేదంది. మేస్త్రి నవ్వబోయి నవ్వలేకపోయాడు.

చాకిరీకి ఆవిడ అక్క దిగింది. మేస్త్రికి వదిన. బట్టల మిల్లులో పనిచేసి దిగిపోయిన మనిషి. మగ్గాల హోరులో అరిచి అరిచి మామూలు గొంతు ఎక్కడ పారేసుకుందో ఆవిడకే తెలియదు. ఉప్పు అందుకోమన్నా ఊరు తగలబడుతున్నట్టే ఉండేది. చెల్లెలికి పక్కబట్టలు మార్చడంలో, ఒళ్ళు తుడవడంలో వంక పెట్టడానికి లేదు. నోటికి మాత్రం దయ అన్నది తెలియదు.

మధ్యాహ్నం పూట మేస్త్రి పాలగ్లాసు పట్టుకుని గది గుమ్మంలోకి వచ్చాడు. భార్య నిద్రపోతోంది అనుకున్నాడు. దుప్పటి కింద ఆ ఒళ్ళు ఇంతేనా అన్నట్టు ఉంది. కాసేపు అలాగే నిలబడి చూశాడు. ఎడమచేతిలో గ్లాసు. కుడిచెయ్యి తొడ పక్కన వేలాడుతోంది. తలెత్తి చూసేసరికి ఆవిడ కళ్ళు తెరిచే ఉన్నాయి. ఆయన ముఖం వంక చూడటం లేదు. చేతి వంక చూస్తోంది.

అప్పుడు ఆయనకి తెలిసింది. వేళ్ళు నడుస్తున్నాయి. మోకాళ్ళ దాకా వచ్చేశాయి.

"భుజాల దగ్గర తగ్గించు," అంది ఆవిడ. "చిక్కిపోయాను."

అని గోడవైపు తిరిగి పడుకుంది.

గ్లాసు జారిపడి పాలు ఒలికిపోయాయి. చప్పుడుకి వచ్చిన వదినకు సంగతి చెప్పక తప్పలేదు. ఆవిడ గ్లాసు తీస్తూ వీధి వీధంతా వినపడేలా అంది: "నా మొగుడు తాగేవాడు, కొట్టేవాడు. కొలవలేదు మాత్రం."

ఆ సాయంత్రం మంచం పక్కన స్టూలు వేసుకుని మేస్త్రి ప్రార్థన మొదలుపెట్టాడు. ప్రభువా నీకు అసాధ్యమన్నది లేదు, ఈమెను లేపి నిలబెట్టు అని అందంగా, పాస్టరు గారికే అసూయ పుట్టేంత పొడుగ్గా చేశాడు. ఆపాడు. గోడవైపు నుంచి మాట లేదు. ఇంకోసారి గట్టిగా ముగించాడు. లేదు. గడప దగ్గర నుంచి వదిన "ఆమేన్" అని మగ్గాల మీదుగా కేకేసినట్టు వేసింది.

"నిన్నెవరడిగారు వదినా?"

"ఎవరో ఒకరు మూత వెయ్యొద్దా మరిదీ? ఈగలు వాలతాయి."

మర్నాడూ అంతే. ఆ తరవాతా అంతే. అడిగినదానికి జవాబిచ్చేది, మాత్ర ఇస్తే మింగేది, ఆమేన్ మాత్రం లేదు. మేస్త్రి మాటలు మార్చి చూశాడు, కన్నీళ్ళు కలిపి చూశాడు, మోకాళ్ళ మీద పడి చూశాడు. తప్పంతా చేతిదని తేల్చుకుని, కుడిచేతి వేళ్ళన్నీ కలిపి తువ్వాలుతో బిగించి కట్టేసి, కొట్టుకు తాళం వేశాడు. ఎడమచేత్తో తింటూ, ఎడమచేత్తో తడబడుతూ తిరిగేవాడు. ఊరు ఊరుకుంటుందా? చిత్రిక తగిలి వేళ్ళు పోయాయన్నారు కొందరు. దేవుడే కొట్టాడన్నారు కొందరు. ఆ రోజుల్లోనే పొడుగాటి పోస్టుమాన్ పోయాడు. పక్కవీధి వ్యాపారి దగ్గర ఉన్నది ఒకటే సైజు గనక, మోకాళ్ళు ముడిచి అందులోనే ఇరికించారు. పరలోకానికి కూడా సైకిలు తొక్కుకుంటూనే పోయాడని జనం సమాధుల దగ్గరే నవ్వుకున్నారు. ఆ నవ్వు మేస్త్రి ఇంటి దాకా వచ్చింది. కట్టులోపల వేళ్ళు గుంజుకున్నాయి.

ధైర్యం చెప్పడానికి సంఘపెద్ద మరి కొందరిని వెంటబెట్టుకొచ్చాడు. రోగి వినడం లేదనుకున్నాడో, వినాలనుకున్నాడో, చావు మీద బతికే ఇంట్లోకి జీవం ఎలా అడుగు పెడుతుందని మొదలుపెట్టాడు. ఇంట్లో దాచిన పాపం ఏదైనా ఉంటే ఒప్పేసుకోమన్నాడు. విశ్వాసం ఉంటే ఈపాటికి లేచి తిరగాల్సిన మనిషి అన్నాడు. మేస్త్రి తల వంచుకుని విన్నాడు. ఆయన విశ్వాసాన్ని కొలవడానికి వచ్చినవాళ్ళలో ఒక్కరికీ జాన పెట్టడం రాదు.

గోడవైపు నుంచి సన్నగా మాట వినిపించింది. "అయ్యగారూ, మీ అమ్మగారి పెట్టెలో తలగడ నేనే కుట్టాను. మెత్తగా ఉందని ఏమైనా కబురొచ్చిందా?"

సంఘపెద్ద ప్రార్థన త్వరగా ముగిసింది. అందరూ ఆమేన్ అన్నారు, ఆవిడ తప్ప. వదిన టీ లేదని చెప్పి సాగనంపింది.

నొప్పి ముదిరింది. దుప్పటి అంచు నోట్లో కుక్కుకునేది. గోడ సున్నం గోళ్ళతో గీకేది. పొద్దున లేచి చూస్తే పక్కమీద తెల్లటి పొడి రాలి ఉండేది, గోళ్ళలో నెత్తురు ఉండేది. వదిన గోళ్ళు కడుగుతూ, గోడకు వెల్ల వేయించే ఖర్చు తప్పేటట్టు లేదు మరిదీ అనేది. ఆ మాట అంటున్నప్పుడు చేతులు మాత్రం దూదిలా కదిలేవి.

ఆ గోడ చూసిన సాయంత్రం మేస్త్రి స్టూలు మీద కూర్చున్నాడు గానీ ప్రార్థన రాలేదు. "ప్రభువా, ఈమెను లేపు" అని నోరు తెరిచాడు. అన్నాళ్ళు చెప్పిన మాట ఇప్పుడు నాలుకకు పేడులా గుచ్చుకుంది. తువ్వాలు చుట్టిన చేతి వంక చూసుకున్నాడు. ఎవరితోనో గొడవ పడుతున్నట్టు మాట్లాడాడు.

"చెయ్యి కొలిచిందన్నాను. చేతిదేం లేదు. నేనే కొలిచాను. ఇది పోతుందని ఆసుపత్రి గుమ్మం దిగుతున్నప్పుడే నాకు తెలుసు. లేపమని రోజూ అడుగుతున్నాను, లేస్తుందని ఒక్క రోజూ అనుకోలేదు. నాకు భయంగా ఉంది. అంతే."

"ఆమేన్," అంది ఆవిడ గోడవైపు నుంచే. "ఇంత చిన్న మాటకి ఇన్నాళ్ళా?"

మేస్త్రి తువ్వాలు చుట్టిన చెయ్యి ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. ఆవిడ ఏడవనిచ్చింది. తరవాత మెల్లిగా, మధ్యమధ్య ఆగుతూ ఇటు తిరిగింది. ఇకనుంచి నేను మొదలుపెడతాను, నువ్వు మూత వెయ్యి అంది. ఆయన ఎగిరి గంతేసి ఒప్పుకున్నాడు. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ప్రభువా, మేకుల సంగతి నీకు తెలుసు, మా ఆయనకీ తెలుసు, కాబట్టి ఎక్కువ చెప్పను. ఈయన వేళకి తినేటట్టు చూడు. మా అక్క నోటికి తాళం నువ్వే వెయ్యి, మా అమ్మ వల్ల కాలేదు, నా వల్లా కాలేదు. నన్ను త్వరగా తీసుకుపో."

ఆగింది. ఎదురుచూసింది. మేస్త్రి పెదవులు కలుసుకోలేదు.

"ఆ మాట తీసెయ్యి," అన్నాడు.

"ఏది?"

"త్వరగా అన్నది."

"తీయను. నిజం అదొక్కటే. మిగతావి మర్యాదకి అన్నాను."

ఇన్నాళ్ళూ ఆవిడ ఆమేన్ కోసం కుక్కలా కాచుకున్న మనిషి, ఇప్పుడు తన ఆమేన్ మీద పాములా చుట్టుకుని కూర్చున్నాడు. అది పలికితే తాడు తెగిపోతుందని, పలకనన్నాళ్ళూ ఆవిడ ఎటూ పోదని ఆయనకు గట్టి నమ్మకం పట్టుకుంది. రోజూ పొద్దు గూకేసరికి ఆవిడ అదే ప్రార్థన చేసి, దాహం వేసినవాళ్ళు చెంబు వంక చూసినట్టు ఆయన వంక చూసేది. ఆయన నేల చూసేవాడు. కొన్నాళ్ళకి ఆ వేళకు ఇంట్లో ఉండటమే మానేశాడు. తాళం వేసిన కొట్టు మెట్ల మీద కూర్చుని, వీధి దీపాలు వెలిగాక వచ్చేవాడు. అప్పటికి ఆవిడ మళ్ళీ గోడవైపు తిరిగి ఉండేది. దేవుడి దగ్గరికి పోతానన్న మనిషిని దేవుడి పేరుతోనే కట్టేశాడు. ఏ శత్రువూ చేయని పని అది.

వదిన కొట్టు మెట్ల దాకా వచ్చింది. తువ్వాలు చుట్టిన చెయ్యి పట్టుకుని లాగింది. ఆవిడ ఎప్పటిలాగే అరిచింది గనక వీధిలో వాళ్ళంతా విన్నారు.

"నొప్పి దానిది, భయం నీది. నీ భయానికి దాన్ని కాపలా పెట్టావు మరిదీ. ఇక లే."

లేచాడు. లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. ఆవిడ ప్రార్థన కొత్తగా చెయ్యలేదు. ఎక్కడ ఆపిందో అక్కడి నుంచి చూసింది, అంతే. మేస్త్రి ఆమేన్ అన్నాడు. గొంతులోంచి కాదు, మేకు ఊడదీసినట్టు వచ్చింది. ఆ తరవాత పళ్ళతో తువ్వాలు ముడి విప్పుకున్నాడు. వేళ్ళు తెల్లగా, పాలిపోయి, ఎవరివో వేళ్ళలా ఉన్నాయి. ఆవిడ వాటిని తీసుకుని తన బుగ్గ కింద పెట్టుకుంది.

తాడేమీ తెగలేదు. ఆమేన్ వినగానే దేవుడు చెప్పులు లేకుండా పరుగెత్తుకు రాలేదు. ఆవిడ ఆ వానాకాలమంతా బతికింది. నొప్పి పిసరంత కూడా తగ్గలేదు. అయితే మేస్త్రికి ఒక విద్య పట్టుబడింది. నొప్పి వచ్చేది, పోయేది, మళ్ళీ వచ్చేలోపు చిన్న సందు ఉండేది. ఆ సందు ఎంతో ఆయనకు చూపుతోనే తెలిసిపోయేది. దానిలో సరిగ్గా పట్టేటంత ప్రార్థన కోసి ఇచ్చేవాడు. "ప్రభువా, ఇక్కడే ఉండు." ఆమేన్. నొప్పి. "ఇంకొంచెం దగ్గరికి జరుగు." ఆమేన్. సందు మరీ ఇరుకైనప్పుడు "ప్రభువా" అన్నదొక్కటే పట్టేది. ఆవిడ దానికి కూడా మూత వేసేది. గోడ మీద కొత్త గీతలు పడటం మానేశాయి. ఆ చెయ్యి ఇప్పుడు ఆయన చేతిని గీకేది. మేస్త్రి ముంజేతి మీద చారలు చూసి, పిల్లిని పెంచుతున్నారా అని రొట్టెల కొట్టు యజమాని అడిగాడు. అవునన్నాడు మేస్త్రి.

కొట్టు తాళం తీశాడు. పెట్టె ఎలాగూ చెయ్యక తప్పదు గనక నా కళ్ళముందే చెయ్యమంది ఆవిడ. మనిషి పోకముందు పెట్టె చెయ్యకూడదన్నది ఆ వృత్తిలో మొదటి నియమం. శకునం కోసం కాదు. రోగిష్ఠి మనిషి రోజురోజుకీ తరుగుతాడు, కొలత నిలవదు. మేస్త్రికి ఆ సంగతి తెలియక కాదు. అడిగింది ఆవిడ. గది గుమ్మంలోనే చెక్క వేసుకుని చిత్రిక పట్టాడు. ఆవిడ పడుకునే వంకలు పెట్టింది. తలగడ తానే కుట్టుకుంది. కుచ్చులు సగంలో వేళ్ళు పట్టు తప్పితే మిగతాది అక్కకి ఇచ్చింది. వదిన మిల్లులో గోతాలకు వేసే కుట్టు వేసింది. ఆ కుట్టు కింద నిద్ర పట్టదు నాకు, అని చెల్లెలు మూలిగింది. నిద్ర పట్టకపోతే లేచి నువ్వే కుట్టుకోమంది అక్క. ఇద్దరూ నవ్వారు. నవ్వితే నొప్పి లేచింది, అయినా నవ్వారు.

మూతకు మాత్రం మేకులు వద్దంది. దెబ్బ దెబ్బకీ తల అదురుతుంది, స్క్రూలు బిగించమంది. మేస్త్రి దగ్గర సరైన స్క్రూలు లేవు. కొనుక్కొస్తానని బజారుకు పోయాడు. ఇత్తడివి ఏరి ఏరి తెచ్చేసరికి, వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఆ మనిషి మొదటిసారి మామూలు గొంతుతో మాట్లాడింది. ఆ గొంతు వినగానే మేస్త్రికి తెలిసిపోయింది.

"ప్రార్థన మొదలుపెట్టిందా?" అని అడిగాడు.

"పెట్టింది. నీకోసం గుమ్మం వంక చూసింది కాసేపు." వదిన కొంగు నలిపింది. "నేనే అన్నాను మరిదీ."

అన్నాళ్ళు బిగబట్టి దాచుకున్న మాట, తీరా కావలసిన వేళకి వేరే నోట్లోంచి పోయింది. మేస్త్రి చేతిలో స్క్రూల పొట్లం అలాగే ఉండిపోయింది.

పెట్టె పెద్దదైంది. భుజాల దగ్గర, కాళ్ళ దగ్గర, అన్నిచోట్లా. కొలత ఇచ్చిన మనిషి ఆ వానల్లో ఎప్పుడో సగం వెళ్ళిపోయింది. మేస్త్రి, వదిన కలిసి ఆవిడ దుప్పట్లు చుట్టలు చుట్టి సందుల్లో కూరారు. అయినా మోసేవాళ్ళకి మలుపు మలుపుకీ లోపల జరుగుతున్నట్టు తెలిసింది. మోసేవాళ్ళ నోళ్ళు మూతపడతాయా? సమాధుల దగ్గరే గుసగుసలు మొదలయ్యాయి. ఊరందరికీ వేలెడు తేడా రాకుండా చేసినవాడు సొంత పెళ్ళానికి కొలత తప్పాడన్నారు. ఆ రోజు నుంచి ఆయన ముందు ఎవరూ వంగి నడవలేదు. రొట్టెల కొట్టు యజమాని మళ్ళీ రొట్టె తినడం మొదలుపెట్టాడు.

వదిన వెళ్ళిపోయే సాయంత్రం వచ్చింది. సంచి సర్దుకుని కొట్టు గుమ్మంలోకి వచ్చేసరికి, మేస్త్రి పని బల్ల దగ్గర తన వైపున కూర్చుని కళ్ళు మూసుకుని ఉన్నాడు. బల్లకి అవతల చిత్రిక పొట్టు తప్ప ఏమీ లేదు.

"ప్రభువా, నీ చిత్తం మంచిది. నాకు ఏ లోటూ లేదు. నీకు స్తోత్రం."

మూత వెయ్యడానికి ఎవరూ లేరు. తానే వేసుకుందామని నోరు తెరిచి, ఆగి, గుమ్మం వంక చూశాడు. వదిన సంచి చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. ఆమేన్ అనలేదు.

"బండి వేళవుతోంది వదినా," అన్నాడు.

"అవనీ. ఆ మాట తీసెయ్యి."

"ఏ మాట?"

"లోటు లేదన్నది."

మేస్త్రి కుడిచెయ్యి బల్ల మీద పరిచి చూసుకున్నాడు. ముంజేతి మీద చారలు ఇంకా మానలేదు.

"ప్రభువా, నీ మీద కోపంగా ఉంది," అన్నాడు. "రేపు కూడా వస్తాను. కోపంగానే వస్తాను."

వదిన సంచి కింద పెట్టింది. బల్లకు అవతలి వైపు పొట్టు దులిపి కూర్చుంది. వీధి చివర కుక్కలు ఉలిక్కిపడి మొరిగేటట్టు, మగ్గాలన్నిటి మీదుగా వినపడేటట్టు ఆమేన్ అంది.